పాటిగడ్డ చలి

ఉప్పునుంతల,
24 నవంబరు 2002.

నాగేంద్రక్కకు దేవమ్మ దండాలు.

దీపావళికి నువ్వు వేసిన కార్డుకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను, కోపం చేయకు. వనపర్తి హాస్టల్లో ఉన్నప్పుడు కూడా నువ్వు పక్కన కూర్చుని రాయిస్తేనే నేను ఇంటికి ఉత్తరం రాసేదాన్ని. యాభై ఏళ్లు వచ్చినా ఆ బద్ధకం పోలేదు.

ఈసారి చెప్పాల్సిన సంగతి ఉంది. మేము నాలుగో బోరు వేశాము. ముందువి మూడూ ఎండిపోయాయని నీకు తెలుసు. ఇది పాటిగడ్డ అంచున వేశాము. పాటిగడ్డ అంటే మా ఇంటి వెనక చేనుకు ఆనుకొని ఉన్న బూడిదరంగు దిబ్బ. పూర్వం ఊరు అక్కడే ఉండేదట. ఎన్ని వందల ఏళ్ల కిందటో వానలు వరసగా ఎగ్గొడితే జనమంతా లేచి నీళ్లున్న చోటు వెతుక్కుంటూ పోయారట. రోళ్లు మోయలేక అక్కడే వదిలారు. అవి ఇప్పటికీ సగం మట్టిలో కూరుకుని వరుసగా ఉన్నాయి. రోళ్లనే కాదు, నడవలేని వాళ్లను కూడా వదిలారని మా అత్త చెబుతుంది. నీళ్లు దొరికిన వెంటనే తెస్తామని మాట ఇచ్చి పోయారట. తేలేదు. వాళ్ల మనుమలో ముని మనుమలో తిరిగొచ్చి ఈ కొత్త ఊరు కట్టుకున్నాక ఒక ఆచారం పెట్టుకున్నారు. ఊళ్లో ఎవరు బావి తవ్వినా, బోరు వేసినా తొలి కుండ నీళ్లు ఎవరూ ముట్టకూడదు. ఆ ఇంటి ఆడమనిషి తీసుకుపోయి పాటిమీది రోళ్లలో పోసి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి.

ఐదువందల అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి అక్కా. నేను పసుపు రాసిన కుండ పట్టుకొని పరుగెత్తాను. నింపుకొని పాటి వైపు తిరిగేసరికి మీ మరిది నా చేతిలోంచి కుండ లాక్కుని నెత్తిన గుమ్మరించుకున్నాడు.

"అయ్యో, అవి పాత ఊరోళ్ల నీళ్లు!" అన్నాను.

"ఇన్ని వందల ఏండ్లు ఆగిండ్రు, ఒక్క రాత్రి ఆగరా?" అని నవ్వాడు.

బోరుబండి వాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో, ఆపబుద్ధి కాలేదు. ఇంట్లో మంచంలో ఉన్న అత్త మాత్రం "ఎల్లన్నా, ఏం పని చేస్తివిరా" అని ఒక్కటే అరుపు. ఆమె నిరుడు పడ్డప్పటినుంచి లేచి నడవలేదు కదా. చెవులు మాత్రం పాముచెవులు.

తెల్లారి మోటరు దింపుదామని చూస్తే బోరులో తడి కూడా లేదు. అప్పటినుంచి ఆ గొట్టం ఊపిరి తీసుకుంటోంది. పొద్దెక్కాక బయటికి ఊదుతుంది. పొద్దుగూకాక లోపలికి పీలుస్తుంది. మూతిమీద వేపాకు పెట్టి చూశాను. బయటికి వచ్చే గాలి మాఘమాసం గాలిలాగా ఉంటుంది.

నీ పూజలో మా పేరు కూడా చెప్పు.

దేవమ్మ


గద్వాల,
8 డిసెంబరు 2002.

చెల్లె దేవమ్మకు, జోగులాంబ తల్లి నిన్ను చల్లగా చూడాలని కోరుతూ నాగేంద్రమ్మ రాసేది.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉందంటే మగ్గం మీద నూలు పోగులు పటపటా తెగుతున్నాయి. మగ్గం గుంతలో నీళ్లు చల్లి, తడిగుడ్డలు వేలాడదీసి నేస్తున్నారు. ఒక్క చీరకు పట్టే దినాలు రెండింతలయ్యాయి. నేను కండెలు చుడుతూ చదువుతుంటే మీ బావ గుంతలోంచి తలెత్తి ఏమన్నాడో తెలుసా?

"ఆ బోరు గాలిని సంచిల కట్టుకొని రమ్మను మీ చెల్లెను. నా మగ్గం కింద ఇడుస్త. నూలన్న తెగకుంట ఉంటది."

"హన్మంతు గారూ, పెద్దల సంగతులతోటి ఎకసెక్కాలు వద్దు" అని నేను చెయ్యెత్తి దండం పెట్టాను. నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచానంటే కోపం వచ్చినట్టే అని ఆయనకు తెలుసు. తల దించి మళ్లీ నేయసాగాడు.

చెల్లే, ఆ గొట్టానికి వెంటనే మూత వేయించు. ఇంకో కుండ నీళ్లు ఎక్కడినుంచైనా తెచ్చి పాటిమీద పోసి క్షమాపణ చెప్పుకో. అవి తొలి నీళ్లు కావని తెలుసు. మన మనసు చూస్తారు కదా.

ఇంకో మాట. మీ బావ మేనల్లుడు నిరంజన్ హైదరాబాదులో భూమి లోపలి సంగతులు చదివే ఆఫీసులో ఉన్నాడు. ఎండిపోయిన బోర్లలోకి తీగ వదిలి లోపలి వేడి కొలవడం వాడి పని. అందరూ నీళ్లున్న బోరు కోసం మొక్కుకుంటుంటే వీడు ఎండిన బోర్ల కోసం తిరుగుతున్నాడు. "గట్లయితే పాలమూరంత ఆనిదే" అన్నాడు మీ బావ. సంక్రాంతి దాటాక మీ వైపు వస్తాడట. మీ ఇల్లు చెప్పాను. ఒక పూట అన్నం పెట్టు.

అత్తను తీసుకుని మీరిద్దరూ కొన్నాళ్లు మా ఇంటికి వచ్చేయరాదూ? మాకు కృష్ణ దగ్గర. తాగడానికి లోటు లేదు.

నీ అక్క
నాగేంద్రమ్మ


ఉప్పునుంతల,
27 జనవరి 2003.

నాగేంద్రక్కకు,

నిరంజన్ వచ్చాడు. మంచి పిల్లవాడు, జొన్నరొట్టె అడిగి మరీ పెట్టించుకున్నాడు. పొద్దున బోరులోకి సన్నటి తీగ వదిలాడు. దాని చివర వేలెడంత గొట్టం. కొంచెం కొంచెం దింపుతూ రాసుకున్నాడు. మీ మరిది బీడీ ఆర్పేసి పక్కనే గొంతుకూర్చున్నాడు.

"సారూ, ఏముంది లోపల?"

"కిందికి పోయిన కొద్ది భూమి వెచ్చగ కావాలె. గీ బోర్ల కావలసినంత వెచ్చగ అయితలేదు. చలి ఉన్నది."

"నీళ్లు లేవు గానీ చలి ఉన్నదంటవు. ఏం చెయ్యమంటవు, తట్టల పెట్టుకొని సంతల అమ్ముకోమంటవా?"

అందరూ నవ్వారు. నిరంజన్ నవ్వి, మా మట్టిగోడ మీద చెయ్యి వేశాడు. "పగటీలి ఎండ గీ గోడకు తాకితే లోపలి దిక్కు వేడి ఎప్పుడొస్తది? పొద్దుగూకినంక గదా. భూమి గూడ గంతే. పైన ఒక కాలం చలిగ గడిస్తే, ఆ చలి మెల్లగ కిందికి దిగుతది. ఐదొందల అడుగులు దిగెటాళ్లకు రెండు మూడు వందల ఏండ్లు పడ్తది. ఇప్పుడు మన తీగకు తాకుతున్నది ఆ కాలపు చలి."

"అప్పుడు అంత చలా?" అని అడిగాను.

ప్రపంచమంతటా కొన్ని వందల ఏళ్లు చలికాలాలు గట్టిగా ఉండేవట. అది ఎవరూ చేసింది కాదట, దానంతట అదే వచ్చి అదే పోయిందట. అప్పుడు మనవైపు వానలు కూడా తప్పి ఉండొచ్చు, ఊళ్లు ఖాళీ అయి ఉండొచ్చు, కానీ మన దగ్గర కొలిచిన చోట్లు తక్కువ కాబట్టి గట్టిగా చెప్పలేనన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. తెలియనిది తెలియదన్నాడు.

లోపల మంచంలోంచి అత్త అడిగింది. "దిగినయ్ మల్ల పైకి ఎక్కవా నాయినా?"

"ఎక్కవు అవ్వా" అన్నాడు నిరంజన్.

అత్త తర్వాత నాతో అంది, "పిల్లగానికి తెల్వదు. చిన్నోడు."

నువ్వు చెప్పినట్టు పాటిమీద వేరే నీళ్లు పోసి దండం పెట్టుకున్నాను. వెనక్కి చూడలేదు. గొట్టానికి మూత మాత్రం వేయలేదు. మీ మరిది వేయనివ్వడం లేదు. మళ్లీ నీళ్లు వస్తాయేమోనని ఆయన ఆశ. రోజూ పోయి చెవి పెట్టి వింటున్నాడు. లోపల దంచుతున్న చప్పుడు వస్తోందంటాడు, రోటిలో రోకలి పడ్డట్టు. నేను వినలేదు.

ఊళ్లో గుంపు మేస్త్రి తిరుగుతున్నాడు. పూణే వైపు కాలువలు తవ్వే పని ఉందట, లారీ మాఘంలో వస్తుందట. మీ మరిది పోనంటున్నాడు. "అవ్వను ఇడిసిపెట్టి యాడికి పోత?" అంటాడు. నాకు పోతే బాగుండునని ఒక గడియ, పోకపోతే బాగుండునని ఒక గడియ.

దేవమ్మ


గద్వాల,
22 ఫిబ్రవరి 2003.

చెల్లె దేవమ్మకు,

ఈ శనివారం ఉపవాసం విడిచి, దీపం కొండెక్కకముందే రాస్తున్నాను. మనసు బాగాలేదు.

నిరంజన్ తిరుగు ప్రయాణంలో మా ఇంటికి వచ్చాడు. నేను వాడిని కూర్చోబెట్టి అడిగాను. వెయ్యేళ్ల కిందట భూమి కొంచెం వెచ్చగా ఉన్న కాలం ఒకటి నడిచిందట. ఇంకా వెనక్కి పోతే మళ్లీ చలి, అంతకు వెనక మళ్లీ వెచ్చదనం. చెరువు మట్టిలో, గుహల్లో కారి గట్టిపడ్డ సున్నంలో, పాత చెట్ల వలయాల్లో ఆ గుర్తులు ఉంటాయట. వెచ్చటి కాలంలో వానలు బాగా పడి మీ పాత ఊరు పెరిగిందేమో, తర్వాత కాలం తిరగబడిందేమో అన్నాడు. "అత్తా, గిది ఎవరి పాపం గాదు, ఎవరి శాపం గాదు" అన్నాడు.

నేను తల ఊపాను గానీ లోపల అనుకున్నాను. కాలం తిరగడం ఎవరి పాపం కాదు, నిజమే. నడవలేని మనిషిని వదిలిపోవడం మాత్రం ఏ కాలం మీదికీ నెట్టలేము. అది మనుషులు చేసిందే. చేసినవాళ్ల కడుపు ఎంత కాలిపోయిందో, లేకపోతే ఇన్ని తరాలు ఆ కుండ ఎందుకు మోస్తారు?

అన్నం తింటూ మీ బావతో వాడు ఒక సంగతి చెప్పాడు. నేను వడ్డిస్తూ విన్నాను. మీ బోరులో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీగ దింపాడట. ఒకే లోతున రెండోసారి ఎక్కువ చల్లగా వచ్చిందట. అంతేకాదు, పొద్దున కింద దొరికిన చలి మధ్యాహ్నానికి ఇంకా పైన దొరికిందట. "మిషిన్ల ఏదో తప్పున్నది మామా" అన్నాడు. వాడికి తప్పుగా కనిపించింది. నాకు మీ అత్త అడిగిన మాట గుర్తొచ్చి చేతిలో గరిటె ఆగిపోయింది.

మూత వేయించు చెల్లే. నా మాట విను.

మరిది గుంపుతో పోయాడా, ఉన్నాడా? అది రాయి. పోతే మీరిద్దరు ఆడవాళ్లే ఎట్లా ఉంటారు? నేను వచ్చి తీసుకుపోతాను.

నాగేంద్రమ్మ


ఉప్పునుంతల,
24 ఏప్రిల్ 2003.

నాగేంద్రక్కకు,

నువ్వు రెండు కార్డులు వేశావు, చేరాయి. జవాబు రాయడానికి వీలుపడలేదు.

లారీ మాఘంలో వచ్చి పోయింది. మా వీధి సగం ఖాళీ. తలుపులకు ముళ్లకంపలు కట్టి పోయారు. నువ్వు దిగులుపడకు. మీ మరిది ఇంట్లోనే ఉన్నాడు.

ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. ఇంటికి నాలుగు కుండలు. రెండు మేము వాడుకుంటాము, రెండు బోరులో పోస్తున్నాము. తిట్టకు. ఆయన అడుగుతాడు. ఇప్పుడు ఆయన ఎక్కువ మాట్లాడడం లేదు, "ఇంకో కుండ" అంటాడు, అంతే. నేను తీసుకుపోయి పోస్తాను. పోసినప్పుడు కింద పడ్డ చప్పుడు రాదు. నీళ్లు ఎవరో చేతులు చాచి పట్టుకున్నట్టు నిశ్శబ్దంగా పోతాయి.

ఎండలు నువ్వు చెప్పినట్టే ఇక్కడా మండుతున్నాయి. మా ఇంట్లో మాత్రం లేవు. పాటి వైపు తలుపు తెరిచి ఉంచితే గాలి చల్లగా వచ్చి నేలమీద పరుచుకుంటుంది. అత్త దుప్పటి కప్పుకుంటోంది. ఆమె ఈ మధ్య హుషారుగా ఉంది. ఆయన సాయంత్రం వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంటాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి వేసి చిన్నప్పటి సంగతులన్నీ చెబుతుంది. అన్నం పెడితే ఆయన ముట్టడు. నీళ్లు మాత్రం తాగుతాడు. ఒకరోజు చెంబు అందిస్తూ చెయ్యి తగిలింది. బావి అడుగున రాయి ముట్టుకున్నట్టు ఉంది. ఎండకు ఒళ్లు అట్లా అయిందేమో.

పక్కింటి జోగులమ్మ నిన్న పిండి అప్పుకు వచ్చి గడప దగ్గరే ఆగింది.

"లోపల ఎవరున్నరే?"

"మా ఆయన."

లోపలికి తొంగి చూసింది. పిండి అడగకుండానే వెళ్లిపోయింది. ఈ కరువులో మనుషుల తీరు మారిపోయింది అక్కా.

ఇంకొకటి. బోరు నుంచి మా గడప దాకా దుమ్ములో ఒక జాడ పడుతోంది. మూట ఈడ్చుకొచ్చినట్టు. రోజూ ఊడుస్తాను, రోజూ పడుతుంది. కుక్క ఏదో లాక్కొస్తోందనుకుంటాను. మా కుక్క పోయి చాలా రోజులైంది.

మూత సంగతి మళ్లీ రాయకు. ఇప్పుడు మూత వేస్తే ఆయన ఒప్పుకోడు.

దేవమ్మ


గద్వాల,
29 మే 2003.

దేవమ్మా, నా చెల్లే,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నీకు తెచ్చి ఇస్తున్న మనిషిని ఒకసారి చూడు. ముందు ఆ చెయ్యి పట్టుకో. వెచ్చగా ఉంటుంది. పట్టుకున్నాకే మిగతాది చదువు.

నిన్న మధ్యాహ్నం నేను కండెలు చుడుతుంటే వాకిట్లో "వదినా" అని పిలుపు. ఎల్లన్న. ఒళ్లంతా దుమ్ము, మడమలు పగిలి నెత్తురు. పూణే నుంచి రైల్లో రాయచూరుకు వచ్చి, అక్కడినుంచి బస్సులో ఇక్కడ దిగాడు. నీ ఏప్రిల్ ఉత్తరం ఆ సమయానికి నా దేవుడి గూట్లోనే ఉంది.

"ఎప్పుడు పోయినవు మరిదీ?" అని అడిగాను.

"మాఘంల, గుంపు లారీల. దేవి మీకు రాయలేదా? అవ్వను సూస్కుంటనని ఆమెనే నన్ను తోలింది. రెండు చిట్టీలు రాయిస్తి. జవాబు లేదు. పరేషాన్ అయి మేస్త్రితోటి కొట్లాడి వచ్చిన."

నాలుగు ముద్దలు తిన్నాడు. చెమటలు కక్కుతూ, మిరపకాయ కొరుక్కుంటూ, బతికున్న మనిషి తిన్నట్టు తిన్నాడు. మీ బావ మొహం నేను చూడలేదు, నా మొహం ఆయన చూడలేదు. నీ ఉత్తరం సంగతి మరిదికి చెప్పలేదు. "దేవికి ఒంట్లో బాగా లేనట్టుంది, తొందరగా పో" అని మాత్రం అన్నాను.

మీ ఇంట్లో మంచం కోడు దగ్గర కూర్చునేది ఎవరు దేవమ్మా?

నాకు భయం వేసి రాత్రంతా అమ్మవారి పేరు జపించుకున్నాను. తెల్లవారేసరికి భయం పోయి వేరే ఆలోచన వచ్చింది. అది చెబుతాను విను. ఏకాదశికి నది అగ్రహారం రేవులో మునిగి తెచ్చుకున్న కృష్ణ నీళ్లు నా దగ్గర ఉన్నాయి. నదిలో ఇప్పుడు బండలే ఉన్నాయి, మడుగులో మిగిలినవి తెచ్చాను. వాటిని రాగి చెంబులో పోసి, మూతికి తడి గుడ్డ కట్టి మరిది చేతికి ఇచ్చాను. దారిలో ఎంత దప్పికైనా ముట్టవద్దని చెప్పాను. ఊరు విడిచి పోయిన మనిషి నీళ్లు పట్టుకుని తిరిగి వస్తున్నాడు. ఆనాడు ఇచ్చిన మాట అదే కదా. మీరిద్దరూ కలిసి పాటిమీద పోయండి. తర్వాత ఒక్క దినం కూడా అక్కడ ఉండకండి. అత్తను తీసుకుని ఇక్కడికి రండి.

ఎండలకు ఇక్కడ రోజుకొకరి మాట వింటున్నాము. మీ ఇంట్లో చల్లగా ఉందంటే సంతోషించలేకపోతున్నాను.

నీ అక్క
నాగేంద్రమ్మ


ఉప్పునుంతల,
3 జూన్ 2003.

నాగేంద్రక్కకు,

చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పగిలి, గరుకుగా, మా ఆయన చెయ్యే.

ముందు నీకు చెప్పనిది చెబుతాను. లారీ ఎక్కించింది నేనే. మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. ఇంటికి వచ్చాక అత్త "పోయిండా?" అని అడిగి గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం మానేసింది. మూడో రోజు సాయంత్రం చూస్తే బోరు వైపు తలుపు తెరిచి ఉంది. ఆయన వచ్చి మంచం దగ్గర కూర్చుని ఉన్నాడు. తల్లిని వదిలి ఉండలేక మధ్యలో దిగి వచ్చాడనుకున్నాను. ఎట్లా వచ్చావని అడగాలి కదా, అడగలేదు. అడిగితే ఉండడని నాకు ఎందుకో తెలుసు. నీకు రాస్తే నువ్వు అడుగుతావు. అందుకే ఆయన పోయిన సంగతి రాయలేదు. పూణే నుంచి వచ్చిన చిట్టీలు విప్పకుండా దేవుడి పటం వెనక పెట్టాను.

ముఖం చూడలేదా అంటావు. ఎప్పుడూ వెలుతురుకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఇన్ని నెలలు నేను ఆ ముఖం చూడనేలేదని మొన్న మా ఆయన చెంబు పట్టుకుని గడపలో నిలబడ్డప్పుడు తెలిసింది. నీ ఉత్తరం చదివి, చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగి చూశాను. మంచం దగ్గర ఎవరూ లేరు. కోడు పక్కన నేల మాత్రం కూర్చున్నంత మేర తడిగా ఉంది.

"ఎవలతోటి మాట్లాడుతున్నవ్ అవ్వా?" అని అడిగాడు ఆయన. అత్త ఏడుస్తోంది. ఆయన పోయి తల మీద చెయ్యి వేస్తే తోసేసింది. "ఈడు కాలుతుండు. నాకు ఒద్దు."

ఆ మధ్యాహ్నమే పాటిమీదికి పోయాము. మా ఆయన ఏడుస్తూనే నడిచాడు. నువ్వు ఇచ్చింది ఒక్క చెంబు. ఒక్కో రోటిలో కొంచెం కొంచెం పోసుకుంటూ పోయాము. చివరి రోటికి చెంబు వంచితే ఒక్క బొట్టు రాలింది. "తెచ్చినం. ఆలస్యమైంది" అన్నాడు ఆయన. ఎవరికి చెప్పాడో ఆయనకు తెలుసు. వెనక్కి చూడకుండా వచ్చాము.

అప్పటినుంచి బోరు ఊపిరి తీసుకోవడం లేదు. వేపాకు పెడితే పెట్టినట్టే ఉంది. రాళ్లు వేసి, పైన బండ పెట్టి మూసేశాడు ఆయన. ఇంట్లోకి ఎండ ఒక్కసారిగా వచ్చి పడింది అక్కా. ఇన్నాళ్ల ఎండ బయట కాచుకుని ఉన్నట్టు. వీధి చివర ఇద్దరు ముసలివాళ్లు వడదెబ్బకు పోయారని మాకు నిన్ననే తెలిసింది. మా అత్త ఇంత ఎండలో ఎట్లా బతికిందో ఊళ్లో అందరికీ విచిత్రం. జోగులమ్మ మాత్రం అడగలేదు.

ఇక ఉండలేము. పోదామంటే అత్త ఒప్పుకోలేదు. మంచం పట్టె గట్టిగా పట్టుకుని అన్న మాటలు రాస్తున్నాను చూడు. "నేను నడవలేను. నన్ను ఈడనే ఇడిసిపోండ్రి. నీళ్లు దొరికినంక తెద్దురు."

ఆయన నేలమీద కూలబడ్డాడు. "అవ్వా, నిన్ను నా ఈపు మీద మోస్త. గద్వాల దాక బస్సు లేకపోయినా మోస్త. ఇడిసి పోను. ఇడిసి పోను." చిన్నపిల్లవాడిలా అదే మాట అంటున్నాడు. అత్త చివరికి ఆయన తల నిమిరింది. కాలుతున్నా చెయ్యి తీయలేదు.

"మరి ఆన్ని?" అంది.

"ఎవరిని?"

"నాతోటి ఉన్నోన్ని. ఆడు గూడ నడవలేడురా. ఆనాడు ఇడిసిపోయిన్రు. ఆడు నీళ్లకు రాలే. నన్ను గూడ ఇడిసిపోయిన్రని తోడు కూసుండనీకె వచ్చిండు."

అక్కా, ఆ జాడ నాకు అప్పుడు అర్థమైంది. బోరు నుంచి గడప దాకా రోజూ ఊడ్చిన ఆ ఈడ్పు. ఇన్ని నెలల్లో అతను నడవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

నాకు భయం వేయలేదని చెప్పను. కానీ ఆ చలి లేకపోతే మా అత్త ఇప్పుడు ఉండేది కాదు. మేము కుండ ఎగ్గొట్టాము. అతను మా ముసలిదాన్ని కాపాడాడు. చలి కిందికి దిగుతుందని మాత్రమే నిరంజన్ చెప్పాడు. ఎందుకు ఎక్కి వస్తుందో వాడి తీగకు అందదు.

సోమవారం పొద్దున బయలుదేరుతున్నాము. అత్తను మా ఆయన మోస్తాడు. బస్టాండు దాకా నా వీపు ఖాళీగానే ఉంటుంది. నిన్న మూటలు కడుతూ గడప దగ్గర కొంచెం వంగి నిలబడి "రా" అన్నాను. అంతే. ఇంత ఎండలో కూడా అప్పటినుంచి నా భుజాలు చల్లగా ఉన్నాయి.

మేము ముగ్గురం వస్తున్నాము. నువ్వు నాలుగు చాపలు పరచు. నాలుగోది మగ్గం గుంత పక్కన వేయి. బోరు గాలిని సంచిలో కట్టి తెమ్మని బావ ఆ రోజు నవ్వులాటకే అడిగాడు. అయినా అడిగాడు కదా.

దేవమ్మ